తందానా అందేలోపు

నమోదు 1

మంచుపాలెంలో భూమికి బొమ్మా మాటా పంపే పెద్ద తరంగాన్ని ఎవరు వాడుకున్నా చిట్టా రాసి పెట్టాలని నియమం. పోయినసారి వాడుకున్నది చిక్కుళ్ళ పెంపకం సంఘం. వాళ్ళ చిట్టాలో ‘అంతా బాగా జరిగింది’ అని ఒకే ఒక్క వాక్యం ఉంది. అంతా బాగా జరగలేదని చంద్రుడి మీద అందరికీ తెలుసు. అందుకని నేను కాస్త వివరంగా రాస్తాను.

నా పేరు దమయంతి. నీటి గొట్టాలకు పెట్టిన సెన్సర్లు చూసుకోవడం నా ఉద్యోగం. కంప్యూటర్ ముందు కూర్చుంటాను కాబట్టి కంప్యూటర్‌తో జరిగే పనులన్నీ నావేనని మా మేనేజరు సత్యవ్రత్ గారి నమ్మకం. ఈ ఉదయం బూట్ల గదిలో ధూళి దులుపుకుంటూంటే ఆయన వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

“దమయంతీ, బావి పండక్కి ఈసారి బుర్రకథ లైవ్ ఇస్తున్నాం. భూమ్మీద వాళ్ళు టికెట్ కొనుక్కుని చూస్తారు. ఆ సాఫ్ట్‌వేరేదో నువ్వు పెట్టెయ్.”

“చూస్తానండీ. టికెట్లు ఎప్పట్నుంచి అమ్మాలి?”

“నిన్ననే అమ్మకానికి పెట్టేశాను.”

ఈ ఊరు నిలబడిందే ఆ బావి వల్ల. ఎండ ఎన్నడూ పడని గుంటలో, మంచు తగిలేదాకా తొమ్మిదిమంది తవ్వారు. ఏడుగురే పైకి వచ్చారు. బుర్రకథ వాళ్ళ గురించే. టికెట్లు కొన్నవాళ్ళు కూడా ఎక్కువగా వాళ్ళ ఇళ్ళవాళ్ళేనట, భీమిలి, కళింగపట్నం వైపు వాళ్ళు. తమవాడి పేరు కథలో పలికినప్పుడు ఆ క్షణంలోనే వినాలని వాళ్ళ కోరిక. రికార్డింగ్ పంపుతామంటే వద్దన్నారట.

పోస్టరు చూశాను. పాత ఫొటో వేశారు. మధ్యలో తంబూరాతో కథ చెప్పే వరహాలమ్మ, ఆవిడ పక్కన డక్కీ పట్టుకుని నవ్వుతూ హాస్యం చెప్పే పైడమ్మ.

“పైడమ్మ గారు భూమికి వెళ్ళిపోయారు కదండీ?” అన్నాను.

“ఆ సంగతి సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది,” అన్నారు సత్యవ్రత్ గారు, పంపు చూసుకుంటుంది అన్నంత తేలిగ్గా.

నమోదు 2

సాఫ్ట్‌వేర్ పేరు ‘పందిరి’. మహా మర్యాదస్థురాలు. తెరవగానే, “మీరు జరపబోయేది శుభకార్యమా, సంతాప సభా, వ్యాపార సమావేశమా?” అని అడిగింది. శుభకార్యం అన్నాను. తెరకు నాలుగువైపులా మావిడాకుల తోరణం కట్టి నాదస్వరం అందుకుంది. దాన్ని ఆపించేసరికి మధ్యాహ్నం అయింది.

మిగతాది మామూలు పనే. కెమెరా ఒకటి, మైకులు రెండు, టికెట్ ఉన్నవాళ్ళను మాత్రమే లోపలికి వదిలే గేటు, కథ మొదలయ్యేదాకా వాళ్ళు కూర్చోవడానికి ఒక తెర. అన్నీ పెట్టి, పరీక్షకని వరహాలమ్మ గారిని పిలిచాను. ఆవిడ ఫిల్టర్లు కడిగే పని మధ్యలోంచి తడి చేతులతో వచ్చి కెమెరా ముందు నిలబడింది. తెర వంక చాలాసేపు చూసింది.

“ఎవుత్తే ఈ గుంట?”

“మీరేనమ్మా.”

“నానా? నా మొకం మీద గీతలేవీ?”

‘పందిరి’ ఎవరూ అడక్కుండానే ఆవిడ ముడతలన్నీ చెరిపేసింది. ఆ సదుపాయం తీసేశాను. గీతలు తిరిగి వచ్చాక ఆవిడ తల ఊపి, “ఆఁ, ఇప్పుడు కనపడతన్నాను,” అని ఫిల్టర్లు కడుక్కోవడానికి వెళ్ళిపోయింది.

నమోదు 3

సత్యవ్రత్ గారు చెప్పిన మాయ ఏమిటో ఈ రోజు తెలిసింది. పాత రికార్డింగులు పెడితే ‘పందిరి’ పైడమ్మ గొంతు నేర్చుకుంటుంది. వరహాలమ్మ చరణం పాడగానే సమయానికి ‘తందానా’ అంటుంది, జోకు రావలసిన చోట జోకు వేస్తుంది. మనిషి అక్కర్లేదు.

పిల్లల బళ్ళో అందరం చేరాం. వరహాలమ్మ తంబూరా మీటింది. రెండో వంత కన్నయ్య, ఒకప్పుడు ఆవిడ భర్తతో కలిసి తవ్వినవాడే, డక్కీ అందుకున్నాడు. చరణం చివర స్పీకర్లోంచి పైడమ్మ గొంతు ‘తందానా తాన’ అంది. వెంట్రుకవాసి తేడా లేదు. కథ మధ్యలో, “అక్కా, దయచేసి ఆ నీళ్ళు ఎక్కడ దొరికాయో సెలవిస్తారా?” అని అడిగింది.

వరహాలమ్మ తంబూరా దించేసింది.

“ఇది పైడి కాదు.”

“గొంతు అచ్చం ఆవిడదే కదమ్మా,” అన్నారు సత్యవ్రత్ గారు.

“గొంతు దానిదే బాబూ. పైడి నాతో ఇంత మరియాదగా ఏనాడు మాటాడింది? ‘సెలవిస్తారా’ అట! అది నన్ను సెండాడకపోతే కథెక్కడుంటాది? జనం నవ్వేది అందుకే గదా.”

“మరి ఏం చేద్దాం?”

కన్నయ్య నన్ను పక్కకు పిలిచి జరిగింది చెప్పాడు. వరహాలమ్మ, పైడమ్మ తోడికోడళ్ళు. వరహాలమ్మ భర్త బావిలో ఉండిపోయాక, మరిది భార్య పైడమ్మే ఆవిణ్ణి పట్టుపట్టి కథకు కూర్చోబెట్టింది. ఇద్దరూ కలిసి ఎన్నో పండగలకు కథ చెప్పారు. ఒక పండగనాడు మాత్రం వరహాలమ్మ కథ మధ్యలో ఆపేసి, “నీకు తాళం తెలీదే, ఎప్పుడూ లేటే,” అని ఊరందరి ముందూ అనేసింది. పైడమ్మ డక్కీ కింద పెట్టి వెళ్ళిపోయింది. మొగుడి ఎముకలు బలహీనపడ్డాయని డాక్టరు అనడం, తర్వాతి ఓడలో ఇద్దరూ భూమికి దిగిపోవడం వెంటవెంటనే జరిగాయి. అప్పట్నుంచీ మాటల్లేవు.

కన్నయ్య చెబుతూంటే వరహాలమ్మ వెనకనుంచి వచ్చింది.

“పైడికి ఫోన్ సెయ్యి,” అంది నాతో. “నాను సెయ్యమన్నానని మాత్రం సెప్పకు.”

నమోదు 4

పైడమ్మకు భీమిలిలో ఎండుచేపల కొట్టు ఉంది. ఫోన్ గంపకు ఆనించి మాట్లాడింది. ఇక్కణ్ణించి మాట అక్కడికి చేరడానికి సెకనుకు పైనే పడుతుంది. తిరిగి రావడానికి మళ్ళీ అంత. అంచేత భూమితో మాట్లాడినప్పుడల్లా అవతలివాళ్ళు ప్రతిమాటకూ ఆలోచించుకుంటున్నట్టే ఉంటుంది.

విషయమంతా చెప్పాను. పైడమ్మ విని, “అప్పే అడగమన్నాదా?” అంది. వరహాలమ్మను ఆవిడ అప్ప అనే పిలుస్తుంది.

“అడగమన్నానని చెప్పొద్దన్నారు,” అన్నాను.

ఈసారి నిశ్శబ్దం మామూలు కంటే ఎక్కువసేపు ఉంది. తర్వాత గంప కదిలేలా నవ్వింది.

“మారనేదు మనిషి. సరే, ఆ పూట కొట్టు కట్టీస్తానులే. నాను ఒప్పుకున్నానని మాత్రం సెప్పకు. బతిమాలించుకున్నానని సెప్పు.”

అలాగే చెప్పాను. “దానికి అదొకటి,” అని వరహాలమ్మ మొహం తిప్పుకుంది. కానీ ఆ రోజు ఫిల్టర్లు కడుగుతూ పాడింది.

నమోదు 5

తొలి రిహార్సల్. ఇక్కడ మా బళ్ళో వరహాలమ్మ, కన్నయ్య. అక్కడ కొట్టు వెనక గదిలో పైడమ్మ. మధ్యలో నేను, నా ‘పందిరి’.

వరహాలమ్మ చరణం పాడింది:

“తొమ్మండుగురు దిగినారు పొద్దులేని లోతులోకి...”

నిశ్శబ్దం. కన్నయ్య దరువు వేస్తూనే ఉన్నాడు. ఆవిడ ఆగలేక రెండో చరణం ఎత్తుకుంది. సగంలో ఉండగా మొదటి చరణానికి పైడమ్మ అన్న తందానా వచ్చి నెత్తిన పడింది. మూడో చరణానికి ఎవరు ఎక్కడున్నారో ఎవరికీ తెలియలేదు.

“అదిగో!” అంది వరహాలమ్మ. “ఇన్నేళ్ళయినా లేటే!”

ఆ మాట భూమికి చేరింది. మేమందరం ఎదురుచూశాం.

“నానా లేటు?” అంది పైడమ్మ. “నీ చరణం అయ్యీ అవకుండానే అంటన్నాను. చెవులు కడుక్కో అప్పా!”

ఫోన్ పెట్టేసింది.

సత్యవ్రత్ గారు నా దగ్గరికి వంగి, ఆ మర్యాదైన గొంతు ఇంకా ఉంచావా చెరిపేశావా అని మెల్లగా అడిగారు.

నమోదు 6

పొద్దున చిక్కుళ్ళ మళ్ళ కింద గొట్టం బిగిస్తూంటే పైడమ్మ దగ్గర్నుంచి ఒక ఆడియో వచ్చింది. నిన్న ఆవిడ తన గదిలో అంతా రికార్డు చేసుకుందట. కింద ఒకే మాట: ‘అప్పకి ఇనిపించు. లేటెక్కడో సూపించమను.’

గొట్టం బిగిస్తూనే పెట్టుకుని విన్నాను. తర్వాత గొట్టం వదిలేసి విన్నాను. నీళ్ళు కొంచెం పోయాయి. ఆ సంగతి చిక్కుళ్ళ సంఘానికి నేనే చెబుతాను.

ఆ రికార్డింగులో ఎక్కడా ఆలస్యం లేదు. వరహాలమ్మ చరణం ముగుస్తుంది, పైడమ్మ తందానా అందుకుంటుంది, అతికినట్టు. ఎందుకంటే చరణం భూమికి చేరిన క్షణంలోనే పైడమ్మ జవాబు ఇస్తోంది. ఆ జవాబు తిరిగి మా దగ్గరకు వచ్చేసరికే పాతబడుతోంది. అంటే ఇద్దరిలో ఎవరిదీ తప్పు కాదు. తప్పు నాది. రెండు గొంతులూ నేను ఇక్కడ కలుపుతున్నాను. చూసేవాళ్ళు భూమ్మీద ఉన్నప్పుడు వాటిని భూమ్మీదే కలపాలి.

అంటే ‘పందిరి’ వెయ్యాల్సింది మా బళ్ళో కాదు, ఎండుచేపల కొట్లో.

నమోదు 7

పైడమ్మ చేత సాఫ్ట్‌వేర్ పెట్టించాను. ఈ వాక్యం రాసినంత తేలిగ్గా జరగలేదు.

మొదట ఎంతకీ ముందుకు కదలదు. ఆరా తీస్తే, తెర మీద ఏది అడిగినా ‘వద్దు’ నొక్కమని వాళ్ళమ్మాయి ఎప్పుడో గట్టిగా చెప్పిందట. కెమెరా వాడుకోనా? వద్దు. మైకు వాడుకోనా? వద్దు. మీ చిత్రాన్ని ప్రసారం చేయనా?

“ఓలమ్మ! కొట్లో ఉన్న బట్టల్తోటా? వద్దు!”

అన్నిటికీ ‘సరే’ అనిపించాను. తర్వాత ఇయర్‌ఫోన్లు పెట్టుకోమంటే ఒప్పుకోలేదు. స్పీకర్లో పెడితే వరహాలమ్మ గొంతు మళ్ళీ మైకులో దూరి, ఎవరో కొండ మీద నుంచి వెక్కిరిస్తున్నట్టు వెనక్కి వచ్చింది. పైడమ్మ దాన్ని విని, “అప్ప రెండు అప్పలైనాది. ఒకర్ని భరించడమే కష్టం,” అని వెంటనే ఇయర్‌ఫోన్లు పెట్టుకుంది.

మిగిలిన చిక్కు మాటలది. పాటకు జవాబు చెప్పడంలో ఇబ్బంది లేదు. కానీ హాస్యంలో పైడమ్మ అడగాలి, వరహాలమ్మ బదులివ్వాలి. ఆ ప్రశ్న చంద్రుడి దాకా వచ్చి బదులు భూమికి చేరేదాకా చూసేవాళ్ళకు ఖాళీ కనిపిస్తుంది. ఏం చేయాలో తెలియడం లేదని ఒప్పుకున్నాను.

“ఇందులో ఏటుంది? నా మాట అంత దూరం పోయి రావాల గదా. అందాకా డక్కీ వాయిస్తాను,” అంది పైడమ్మ.

నేను రెండు రోజులుగా ఆలోచిస్తున్న సమస్య అది.

నమోదు 8

ఇక్కడి చిక్కు వేరే. పైడమ్మ జవాబు కోసం వరహాలమ్మ ఆగకూడదు. తన చెవికి ఏమీ వినిపించకపోయినా, అక్కడ సమయానికి అందుకుంటుందని నమ్మి తర్వాతి చరణానికి వెళ్ళిపోవాలి. ఆలస్యంగా వచ్చే గొంతు పాటను చెడగొట్టకుండా పాట సాగినంతసేపూ తగ్గించి ఉంచుతాను. మాటల చోట మాత్రం పెంచుతాను.

చెప్పినంత సులువు కాలేదు. ప్రతి చరణం చివరా ఆవిడ అలవాటుగా ఆగి, తల పక్కకు తిప్పి చూస్తుంది. అక్కడ ఖాళీ చోటు తప్ప ఏమీ ఉండదు.

“జవాబు ఇనపడకుండా పాటెలాగ సాగుద్దే? నూతిలోకి అరిసినట్టున్నాది,” అంది.

కన్నయ్య డక్కీ పక్కన పెట్టాడు. ఆయన మాట్లాడటం నేను బహు తక్కువగా విన్నాను. “బావిలో ఉన్నప్పుడు పైనుంచి మాకేమీ వినపడేది కాదు వొదినా,” అన్నాడు. “తాడు పట్టుకున్నోళ్ళు ఉన్నారనుకునే దిగీవోళ్ళం.”

వరహాలమ్మ కాసేపు తంబూరా తీగ సవరించుకుంది. ఆ తర్వాత ఆగకుండా పాడింది. రెండుచోట్ల తల తిప్పింది, అంతే.

నమోదు 9

కార్యక్రమం రోజు. అంతా అయ్యాక కూర్చుని రాస్తున్నాను.

సత్యవ్రత్ గారు కోటు వేసుకుని వచ్చారు. ఆయన కెమెరాలో కనబడరని చెప్పాను. అయినా వేసుకునే ఉన్నారు. గేటు తెరిచాం. టికెట్లు ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి తమ ఇళ్ళల్లోనే తెర ముందు కూర్చున్నారు. ఒక ముసలాయన కెమెరాకు మరీ దగ్గరగా కూర్చోవడంతో ఆయన చెవి ఒక్కటే కనిపించింది. ఒకింట్లో పిల్లలు, వాళ్ళ వెనక గోడ మీద హెల్మెట్ పెట్టుకున్న మనిషి పటం. బావిలో ఉండిపోయిన రెండోవాడి ఇల్లు అది.

కథ మొదలైంది. మొదటి చరణానికే నా భయం పోయింది. అక్కణ్ణించి వచ్చే తెరలో అంతా సరిగ్గా కలుస్తోంది. పైడమ్మ బ్రహ్మాండంగా ఉంది. జరీ అంచు చీర కట్టి, మొహం నిండా పౌడరుతో, కనుబొమలు ఎగరేస్తూ అప్పను ఆటపట్టిస్తోంది. పిల్లలు పడీపడీ నవ్వుతున్నారు.

తొమ్మిదిమందీ గుంటలోకి దిగే ఘట్టం దగ్గర నా తెరలన్నీ ఒక్కసారి నల్లబడ్డాయి. భూమి నుంచి వచ్చేది అందుకునే డిష్ ఆగిపోయింది. మోటారు పట్టేసింది. పంపే డిష్ వేరు, అది పనిచేస్తూనే ఉంది. అంటే మా పాట భూమికి వెళ్తోంది, కానీ అవతలినుంచి మాకు ఏదీ రాదు. పైడమ్మ గొంతు లేదు, బొమ్మ లేదు, చూసేవాళ్ళు ఉన్నారో లేదో కూడా తెలీదు.

‘పందిరి’ మర్యాదగా ముందుకు వచ్చింది. “పైడమ్మ గారి స్వరం అందడం లేదు. ఆ లోటు నన్ను పూరించమంటారా?”

సత్యవ్రత్ గారి వేలు నా భుజం మీదుగా ‘సరే’ వైపు వచ్చింది. చెయ్యి పట్టుకున్నాను. మేనేజరు చెయ్యి పట్టుకోవడం నియమాల్లో ఎక్కడుందో తర్వాత చూస్తాను.

“అక్కడ అసలు ఆవిడ పాడుతూ ఉంటే?” అన్నాను.

“పాడకపోతే?”

‘వద్దు’ నొక్కాను. పలక మీద ‘పైడమ్మ వినపడదు. మన పాట వెళ్తోంది’ అని పెద్దగా రాసి, కెమెరా పక్కన ఎత్తి పట్టుకున్నాను.

వరహాలమ్మ పాడుతూనే చదివింది. ఆపలేదు. చరణం ముగించి, తందానాకు చోటు వదిలి, తర్వాతిదానికి వెళ్ళింది. హాస్యం వచ్చినప్పుడు ఖాళీ చోటు వైపు తిరిగి, ఎవరో ఏదో అడిగినట్టు విని, తల ఊపి బదులిచ్చింది. ఒకచోట నవ్వింది కూడా. కన్నయ్య నా వైపు చూశాడు. ఆయన దరువు మాత్రం తప్పలేదు.

తవ్వకం సగంలో ఉండగా ప్రతి పండక్కీ పైడమ్మ అడిగే ప్రశ్న ఒకటి ఉంది: “బావి అయిపోనాదా అప్పా?” అక్కడికి వచ్చేసరికి వరహాలమ్మ ఆగింది. ప్రశ్నకు పట్టేంత సేపు ఆగి, నడుం మీద చెయ్యి వేసుకుని, ఎప్పటిలాగే గట్టిగా అంది:

“అయిపోడమేటే! ఇంకా అడుగే కనపళ్ళేదు!”

తర్వాత తొమ్మిది పేర్లు వచ్చాయి. ఒక్కో పేరూ విడిగా, నిదానంగా పలికింది. తన భర్త పేరునూ అంతే నిదానంగా పలికింది. ఆవిడ పక్కన ఎవరూ లేని ఆ చోటు వంక అందరం చూశాం. జవాబు మాకు వినపడలేదు. ఆవిడ మాత్రం అది పూర్తయ్యేదాకా ఆగి తర్వాతి పేరుకు వెళ్ళింది.

మంగళం పాడుతుండగా, బయట పనిలో ఉన్నవాళ్ళు డిష్ దగ్గరకు వెళ్ళి మోటారును సుత్తితో కొట్టారట. తెరలు వెలిగాయి. పైడమ్మ డక్కీ ఒళ్ళో పెట్టుకుని కళ్ళు తుడుచుకుంటోంది. చూడవచ్చినవాళ్ళు ఒక్కరూ కదలలేదు. ముసలాయన చెవి కూడా అక్కడే ఉంది.

“అప్పా!” అంది పైడమ్మ. కోపమో నవ్వో తెలీని గొంతు. “నలుగుర్లో అంత మాటంటావా నన్ను?”

“ఏటన్నానే?”

“ఏటన్నావా? సందు సూసుకుని, బావి ఊసు మానీసి, ‘నా మీద కోపం అయిపోనాదా అప్పా’ అని అడిగీసినాను. అందరూ ఇనీలాగ! ‘అయిపోడమేటే, ఇంకా అడుగే కనపళ్ళేదు’ అన్నావు! జనం ఎంత నవ్వినారో తెల్సా? నాకు మాత్రం నవ్వు రానేదు.”

సత్యవ్రత్ గారు కోటు గుండీ విప్పుకున్నారు.

“నాకేటీ ఇనపళ్ళేదే,” అంది వరహాలమ్మ. “దిగీ ఘట్టం కాడ్నించీ నీ గొంతే నేదు. డిష్ ఆగిపోనాది.”

ఆ మాట వెళ్ళింది. పైడమ్మ మొహంలో అది చేరడం చూశాం.

“ఇనపళ్ళేదా? మరి కథెలాగ సెప్పినావు? ఎక్కడా తప్పనేదు. తాళం తప్పనేదు. నాను నవ్వించిన కాడ నవ్వినావు!”

“నువ్వు అంటావని తెల్సు గదే.”

పైడమ్మ డక్కీ మీద వేలితో ఊరికే చిన్న చప్పుడు చేసింది.

వరహాలమ్మ తంబూరా కింద పెట్టి తెరకు దగ్గరగా వచ్చింది. “ఇప్పుడు ఇనపడతన్నాది. మళ్ళీ అడుగు.”

ఎదురుచూశాం.

“నా మీద కోపం అయిపోనాదా అప్పా?”

“అయిపోయి సానా కాలమైనాదే, పైడీ. కబురు అందడమే లేటైనాది.”

ఆ మాటకు పైడమ్మ బదులు అందేలోపు నేను ప్రసారం ఆపేశాను. టికెట్ కొన్నవాళ్ళు నన్ను తిట్టుకుని ఉంటారు. లైను మాత్రం ఆపలేదు. పెద్ద తరంగం మీద మన గడువు అయిపోయిందని సత్యవ్రత్ గారు గుర్తుచేశారు. అయినా కుర్చీ లాక్కుని నా పక్కనే కూర్చున్నారు. అప్పటికి వాళ్ళిద్దరి మాటా ఏవో పాత చెవి కమ్మల దాకా వచ్చింది, అవి ఎవరు ఎవరికి ఇచ్చారో ఇంకా తేలలేదు.